రేడియో సంతలో స్టీల్ గిటార్

1987 ఏప్రిల్ 6, సోమవారం. మధ్యాహ్నం 12.40

కనిపెట్టేశాను! ఎవరికీ చెప్పకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు తిరుగుతున్న రికార్డు మూడు నిమిషాలు. అంతలో రాసెయ్యాలి.

మా స్టేషన్‌లో రోజూ పన్నెండింటికి రేడియో సంత. జనం ఫోన్ చేసి, అమ్మేదేమిటో, ఊరికే ఇచ్చేదేమిటో, కావలసిందేమిటో చెబుతారు. ముందు ఎవరు ఫోన్ చేస్తే సరుకు వాళ్లది. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం లేదు. మా ఓనరు క్రేటన్ మైకు పైన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు: గాలిలో అన్న మాట గాలికి పోదు. జనవరి నుంచి సంత నడిపేది నేనే. అంతకు ముందు ఫోన్లెత్తి, నేల తుడిచేదాన్ని. ఇప్పుడు ఫోన్లెత్తి, నేల తుడిచి, మాట్లాడతాను. జీతం మాత్రం అదే.

ఈ రోజు సంత మొదలయ్యే ముందు, జైల్లో ఉన్న కొడుకు తల్లి చావుకి వెళ్లలేకపోయిన పాట వేశాను. చేతికి అదే వచ్చింది. వారం నుంచి తన జీనుకి గీచి గీచి బేరమాడుతున్న ముసలాయన ఫోన్ చేసి, గుర్రం ఉన్న పిల్లలెవరైనా ఉంటే ఊరికే పట్టుకెళ్లండమ్మా అన్నాడు. ఆ వెనకే ఒకావిడ ఊగుడు కుర్చీ. ఇంకొకావిడ సీసాల్లో పెట్టిన పీచ్ పళ్లు, ఇరవై సీసాలు. ముగ్గురు ఫోన్ చేస్తే ముగ్గురూ ఊరికే!

మధ్యలో లారీ డ్రైవరు హుషారు పాట ఒకటి వేశాను. నాలుగోవాడు తుప్పు పట్టిన గడ్డి మిషనుకి కొత్తదాని కంటే ఎక్కువ అడిగాడు. ఆ ధరకి గడ్డి కూడా నువ్వే వచ్చి కోసిపెడతావా బాబూ అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

పాటని బట్టి మనిషి. పాటలేమో నా చేతిలో. అంటే

పాట అయిపోయింది.

ఏప్రిల్ 7, మంగళవారం

అంటే డెల్మర్ ఫ్యూగేట్ దగ్గరున్న స్టీల్ గిటార్ రాబట్టొచ్చు. రాత్రంతా ఇదే ఆలోచన.

అది మా ఆయన హోబర్ట్‌ది. బల్లలా నాలుగు కాళ్లు, కింద పెడళ్లు, పైన పది తీగలు. వాటి మీద ఇనుప బార్ జారిస్తే కొండల మీద పొగమంచు కదిలినట్టు ఏడుస్తుంది. మూడేళ్ల కిందట నా ఆపరేషన్ ఖర్చుకి డెల్మర్‌కి అమ్మేశాడు. నా కడుపులోంచి నాలుగు రాళ్లు తీసి సీసాలో వేసి ఇచ్చారు. గిటార్ పోయింది, రాళ్లు వచ్చాయి. అప్పటి నుంచి ఆయన బొగ్గు లారీ తోలుతాడు, వస్తాడు, మొక్కజొన్న రొట్టె మజ్జిగలో ముంచుకుని తింటాడు, పడుకుంటాడు. నన్ను ఒక్క మాట అన్నది లేదు. కానీ రేడియోలో ఏ పాటలోనైనా స్టీల్ వాయింపు రాగానే చెయ్యి చాచి కట్టేస్తాడు. ఇరవై దాకా లెక్కపెట్టి మళ్లీ తిప్పుతాడు. ఆ ఇరవై లెక్కా నాకు వినిపిస్తుంది.

డెల్మర్ కొండ మీద గాజు పాకలో టమాటా నారు పెంచుతాడు. పెళ్లి కాలేదు, కాదు కూడా. స్టీల్ వాయించడం రాదు. దాని మీద నారు ట్రేలు పెట్టుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. పోయినేడు వెళ్లి బతిమాలాను. తలుపు తియ్యకుండా లోపలి నుంచే, నీకూ నీ ఇంటికీ నా గడప లోంచి పుల్ల కూడా రాదు, దిగి పో అన్నాడు.

దానికి కారణం ఉందనుకో. రెండేళ్ల కిందట ఏప్రిల్ ఒకటిన నాకు వాతావరణం చదివే పని ఇచ్చారు. రెండు నిమిషాలు. వర్షం గురించి చెప్పాక, డెల్మర్ గాజు పాక ముందు నిలబడి ఎవరు పాట పాడితే వాళ్లకి డజను టమాటా మొక్కలు ఉచితం అని నా సొంతంగా కల్పించి చదివాను. నలభై మంది వెళ్లారు. ఒకడు బాంజో పట్టుకుని. ఒకామె ముగ్గురు మనవరాళ్లని వరసగా నిలబెట్టి. గోడ మీద రాసిన మాటకి డెల్మర్ కట్టుబడి, దవడ బిగించి ఒక్కొక్కరి పాటా విని మొక్కలిచ్చాడు. తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతాను. ఇప్పుడు కూడా నవ్వుతున్నాను. సిగ్గు లేదు నాకు.

ఏప్రిల్ 8, బుధవారం

పథకం: డెల్మరే సంతకి ఫోన్ చేసి స్టీల్ ఇచ్చేస్తానని అనాలి. తగిన పాట వేయడం నా వంతు. స్టేషన్ మనుషులు సంతలో ఏదీ తీసుకోకూడదని క్రేటన్ రూలు పెట్టాడు. ఒకే వారం రెండు కుట్టు మిషన్లు కొట్టేశానని నా మీద పెట్టిన రూలే అది. అందుకని ముందుగా ఫోన్ చేసేది జెల్ఫా.

జెల్ఫా మా ఊరి పోస్టావిడ. కొండ మీద ప్రతి ఇంటికీ వెళుతుంది, ప్రతి ఇంటి కూరా రుచి చూస్తుంది. చెప్పగానే, నీకు దెయ్యం పట్టిందే ఓలీటా, పాట విని ఎవడైనా గిటార్ ఇస్తాడుటే, అంది. ఆ వెంటనే, పన్నెండింటికి నేను పోస్టాఫీసులోనే ఉంటాను, ఫోన్ చేతిలోనే పెట్టుకుంటాను, కానీ నాకు ఆపిల్ పై ఒకటి బాకీ, అంది. నువ్వు అడక్కుండా ఉంటేనే వింత అన్నాను.

ఏప్రిల్ 9, గురువారం

మందు పరీక్షించినట్టు పాటలు పరీక్షిస్తున్నాను. ఇప్పటికి తేలింది ఇదీ.

అమ్మ పాట: ఇచ్చేస్తారు. ఏదైనా. పాస్టర్ ఎస్టిల్ తన టోపీ ఇచ్చేశాడు.

రైలు పాట: ముగ్గురు ఫోన్ చేసి పెట్టెలు కావాలన్నారు, పెద్దవి, తాళం ఉన్నవి. మా ఊరికి బొగ్గు బండి తప్ప రైలు రాదు. ఎక్కడికి పోతార్రా అని అడిగితే ఒకడు, తెలీదు గానీ పెట్టె ఉంటే నయం కదా అన్నాడు.

తాగుడు పాట: ఒక్క ఫోనూ లేదు. మా కౌంటీలో మందు అమ్మకూడదు. ఫోన్ చేస్తే పాట విన్నట్టు, వింటే మందు రుచి తెలిసినట్టు. ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

మొగుడి మోసం పాట: అబ్బ! ఒకావిడ ఫోన్ చేసి చేపల పడవ, మోటారుతో సహా, ఎవరికైనా ఉత్తినే అంది. రెండో లైన్లో మొగుడు. అది నా పడవ, ఇవ్వడం లేదు, చెప్పు దానికి, అని అరుపులు. ఆవిడ మొదటి లైన్లోంచే, ఆదివారం నాడు చేపలకని వెళ్లి సెంటు వాసనతో వస్తావేంరా, చేపలు సెంటు రాసుకుంటాయా, అంది. నేను ఇద్దరినీ గాలిలోనే ఉంచాను. గోడ మీద రాసింది చదివి వినిపించాను. పడవ పోయింది. క్రేటన్ గాజు అవతలి నుంచి చేతులు ఊపాడు. ఆపమంటున్నాడో, కానివ్వమంటున్నాడో తెలీలేదు. కానిచ్చాను.

ఏప్రిల్ 10, శుక్రవారం

డెల్మర్ మీద అమ్మ పాటలు వేశాను. మూడు వరసగా, సంతకి గంట ముందే. జెల్ఫాని అదే సమయానికి ఉత్తరం ఇచ్చే వంకతో కొండ మీదికి పంపాను, పన్నెండింటికల్లా ఫోన్ దగ్గరికి వచ్చెయ్యమని. నా గుండె మైకులో వినపడుతుందేమోనని భయం.

ఫోన్ రాలేదు.

జెల్ఫా చెప్పింది: గాజు పాకలో డెల్మర్ నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాడట. ఒకే ట్రేలో నీళ్లు పోస్తూనే ఉన్నాడట, నారు ఈదుతోందట, కళ్ల వెంట ధారలట. బాగుంది, తర్వాత? తర్వాత ముక్కు చీది, ఈలేసుకుంటూ మిగతా మొక్కలన్నీ పాతాడట. జెల్ఫాకి ఒక గుమ్మడి విత్తనాల పొట్లం ఇచ్చి, ఈ రోజు రేడియో భలే ఉంది కదూ అన్నాడట. నాలుగేళ్లుగా ఉత్తరాలు ఇస్తున్నా ఆవిడతో అంత మాట ఎప్పుడూ అనలేదట.

అంటే ఏడుపు పాట వాడికి బలం మందు. ఏడ్చి, మొహం కడుక్కుని, హుషారవుతున్నాడు. హుషారుగా ఉన్నవాడు గిటారెందుకు వదులుతాడు?

మందు మార్చాలి. చిరాకు పెట్టాలి. చిరాకు పడ్డవాడు ఇంట్లో ఉన్నదంతా బయటికి విసిరేస్తాడు.

ఏప్రిల్ 13, సోమవారం

ఈ రోజు నుంచి ఒక్క ఏడుపు పాట లేదు. చప్పట్ల పాటలు, లారీ పాటలు, శనివారం రాత్రి డాన్సు పాటలు. పొద్దున ఆరు నుంచి. క్రేటన్ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు, అడిగేవాడు లేడు.

ఏప్రిల్ 14, మంగళవారం

ఊరు అడ్డదిడ్డంగా తయారైంది! కిరాణా కొట్టు దగ్గర ఇద్దరు పార్కింగ్ కోసం తోసుకున్నారు. స్టేషన్‌కి పదమూడు ఫోన్లు, అన్నీ తిట్లే. ఒకావిడ, మా ఆయన పోయి నెల కాలేదు, ఈ తకతకలాటలేంటి, నన్ను ఏడవనివ్వరా, అంది. ఒకాయన, మీ రేడియో విన్నాక నాకు నా బతుకు మీద అసహ్యం పుట్టింది, నిన్నటిదాకా బాగానే ఉండేది, అన్నాడు.

నాకు మాత్రం పండగే. జెల్ఫా కబురు: డెల్మర్ నారు ట్రేని తన్నాడట. పోస్టు పెట్టెని కూడా తన్నాడట.

పని చేస్తోంది!

ఏప్రిల్ 15, బుధవారం. 12.20

రాయలేను.

12.50

రాస్తాను.

సంత మొదలుపెట్టాను. మొదటి లైన్ వెలిగింది. ఎత్తి, రేడియో సంత, చెప్పండి అన్నాను. అవతల లారీ ఇంజను చప్పుడు. తర్వాత మా ఆయన గొంతు.

నన్ను పేరు పెట్టి పిలవలేదు. అమ్మా అన్నాడు. పరాయి ఆడమనిషిని అన్నట్టు. ఒక స్టీల్ బార్ ఉందమ్మా, మూడు వేలి తొడుగులు, అరిగినవే గానీ మంచివి, వాల్యూం పెడలు ఒకటి, ఎవరికైనా పనికొస్తే తీసుకోమనండి, నాకు వాటితో పని లేదు, అన్నాడు.

గిటార్ అమ్మినప్పుడు ఆయన దాచుకున్నవి అవే. సాక్స్ సొరుగులో, పాత గుడ్డలో చుట్టి. నేను వాటి జోలికి వెళ్లను. ఆయన అవి ఉన్నాయని నాతో ఎప్పుడూ అనలేదు. నేను చూశానని నేనూ అనలేదు.

హోబర్ట్, వద్దు అనాలి. గాలిలో ఉన్నాం. కౌంటీ మొత్తం వింటోంది. గోడ మీద ఆ దిక్కుమాలిన రాత. చివరికి, సరేనండీ, అన్నాను. నా మొగుణ్ణి అండీ అన్నాను.

ఆయన పెట్టేసిన రెండు సెకన్లకి రెండో లైన్ వెలిగింది. జెల్ఫా అనుకున్నాను. దేవుడా, జెల్ఫానే అయి ఉండాలి అనుకున్నాను.

డెల్మర్. నాకు, అన్నాడు. అంతే.

మూడో లైన్లో జెల్ఫా వెలుగుతోంది. ఆలస్యం.

సాయంత్రం

ఇంటికొచ్చి నిజం చెప్పేశాను. మొత్తం. పాటలు, పథకం, చిరాకు. ఆయన రొట్టె ముంచుకుంటూ విన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, నాకు తిరిగి తిట్టడం వచ్చు.

మూడు రోజులుగా లారీలో ఆ చప్పట్ల పాటలు విన్నానే, అన్నాడు. ఎవరో తెలియని వాళ్ల పెళ్లిలో భోజనానికి కూర్చున్నట్టు ఉంది. అందరూ నవ్వుతున్నారు, వడ్డించేవాడు కూడా. నాకెందుకు ఈ సామాను అనిపించింది. ఏడుపు పాట వచ్చినప్పుడు, పోనీలే, నాలాంటి వెధవ ఇంకొకడున్నాడు అని బండి తోలుకుపోయేవాణ్ణి.

మూడేళ్లలో ఆయన నాతో ఇంత పొడుగు మాట్లాడలేదు. అదీ ఇందుకోసం.

నేననుకున్నదంతా తలకిందులు. ఏడుపు పాట మనిషిని ఏడిపించదు. అప్పటికే ఏడుస్తున్నవాడి పక్కన కూర్చుంటుంది. దాన్ని నేను ఊరి మొత్తం పక్క నుంచీ లేపేశాను.

ఏప్రిల్ 17, గుడ్ ఫ్రైడే

పొద్దున్నించీ భక్తి పాటలే. సంత లేదు. నన్ను నేను తిట్టుకోవడంతోనే సరిపోయింది.

ఏప్రిల్ 20, సోమవారం

డెల్మర్ స్టేషన్‌కి వచ్చాడు, హోబర్ట్ ఇచ్చిన సామాను పట్టుకెళ్లడానికి. కౌంటరు దగ్గర నేనే ఉన్నాను. నా మొహం చూడడు, నాతో మాట్లాడడు. నా పక్కన నిలబడ్డ క్రేటన్‌తో, అయ్యా, బార్ ఇమ్మని ఆవిడకి చెప్పండి, అన్నాడు. నేను కూడా క్రేటన్‌తో, అయ్యా, సంతకం పెట్టమని ఆయనకి చెప్పండి, అన్నాను. సంతకం ఎక్కడో ఆవిడని చూపించమనండి. కళ్లుంటే కనపడుతుందని ఆయనకి చెప్పండి. క్రేటన్ కాసేపు అటూ ఇటూ తల తిప్పి, మీరిద్దరూ నాకు జీతం ఇస్తున్నారా, లేక నేనే మీకిస్తున్నానా, అని లోపలికి వెళ్లిపోయాడు.

గుడ్డ విప్పి బార్ చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ చేతిలో. బొటనవేలు వెనక, చూపుడువేలు పైన. అచ్చం హోబర్ట్ పట్టుకున్నట్టే. ఒళ్లు మండిపోయింది. వాయించడం రానివాడికి ఈ షోకొకటి.

ఏడుపు పాటలు మళ్లీ మొదలుపెట్టాను. ఊరు సర్దుకుంది. నెల కిందట మొగుడు పోయినావిడ ఫోన్ చేసి, థాంక్స్ తల్లీ, పొద్దున బాగా ఏడ్చాను, అంది.

ఏప్రిల్ 22, బుధవారం

జెల్ఫా పరిగెత్తుకుంటూ వచ్చింది. శనివారం లెక్సింగ్టన్ పట్నం నుంచి ఒకడు వ్యాను వేసుకుని వస్తున్నాడట, స్టీల్ కోసమట. డెల్మర్‌కి వచ్చిన కార్డు మీద ఉందట. నువ్వు జనాల కార్డులు చదువుతావటే అంటే, కార్డంటే కవరు లేని ఉత్తరం, చదవకపోతే రాసినవాడికి అవమానం, అంది.

ఇప్పుడు అర్థమైంది. బార్, తొడుగులు, పెడలు ఎందుకు పట్టుకెళ్లాడో. మొత్తం సెట్టు కట్టి అమ్మేస్తాడు. లెక్సింగ్టన్ వెళ్లిందంటే ఇక అంతే. హోబర్ట్ ఆ స్టీల్‌ని మళ్లీ చూడడు.

రెండు రోజులున్నాయి.

ఏప్రిల్ 23, గురువారం

దొరికింది! దొరికింది, దొరికింది!

వెనక గదిలో ఎలకలు తిన్న పెట్టెలన్నీ తిరగేశాను. 1966లో హోబర్ట్ ఉన్న బ్యాండు ఒకే ఒక్క రికార్డు చేసింది. లారెల్ ఫోర్క్ రాంబ్లర్స్ అని పేరు. మా ఇంట్లో కాపీ ఎప్పుడో పోయింది. స్టేషన్‌లో ఒకటి ఉండాలి కదా అని ఇన్నేళ్లలో నాకెందుకు తట్టలేదో! కవరు లేదు. అంచు మీద చిన్న చీలిక. ఊదాను, గౌను అంచుతో తుడిచాను, హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాను. పాట మాటలు మామూలే. ఒకడు గేటు దగ్గర నిలబడి లోపలికి వెళ్లాలా వద్దా అంటాడు. కానీ మధ్యలో స్టీల్ ఒంటరిగా నలభై సెకన్లు. అప్పుడు ఆయనకి ఇరవై ఏడు. ఆ నలభై సెకన్లు విని నేను ఆయన్ని పెళ్లాడాను. మాట్లాడి చూసి పెళ్లాడలేదు.

రేపు వేస్తాను. డెల్మర్ మీద. ఇది పని చెయ్యకపోతే ఇంకేదీ చెయ్యదు.

ఏప్రిల్ 24, శుక్రవారం. 11.50

పది నిమిషాలు. జెల్ఫా ఫోన్ పట్టుకుని కూర్చుంది. క్రేటన్ తన గదిలో ఉన్నాడు. స్టూడియో తలుపుకి గడియ పెట్టాను, నా వైపు నుంచి.

12.03

వేశాను. ఫోన్ లేదు.

12.06

మళ్లీ వేశాను. ఒకే పాట వెంట వెంట వెయ్యకూడదు, అది క్రేటన్ రెండో రూలు. గాజు మీద కొడుతున్నాడు. ఆయన వైపు చూసి, వినపడటం లేదని చెవి చూపించాను.

12.09

మూడోసారి. చీలిక దగ్గర టక్ మంటోంది. నలభై సెకన్లు మొదలయ్యాయి. చెమటలు.

మొదటి లైన్!

12.45

అయ్యో అయ్యో అయ్యో. వరసగా రాయాలి.

డెల్మర్ ఫోన్ చేశాడు. రేడియో సంత చెప్పండి అన్నాను, నా గొంతు నాకే పిల్లి గొంతులా వినిపించింది. వెనకాల అతని రేడియోలో మా ఆయన వాయిస్తున్నాడు.

తర్వాత అన్నాడు: అమ్మడానికి కాదు. కావాలని ఫోన్ చేశాను. స్టీల్ నేర్పేవాళ్లు కావాలి. మూడేళ్లుగా తొక్కుతున్నాను, లాగుతున్నాను. పిల్లి తోక మీద కాలేసినట్టే ఉంది. ఇన్నాళ్లూ గాజు సీసా ముక్కతో జార్చాను. సరైన బార్ మొన్ననే దొరికింది. ఒక పెడల్ కడ్డీ వంగి ఉంది, రేపు లెక్సింగ్టన్ నుంచి మరమ్మతు చేసేవాడొస్తున్నాడు. వాడు బాగు చేశాక ఇక నాకు వంక కూడా ఉండదు. ఇప్పుడు వాయించినవాడెవరో నాకు తెలుసు. మొహం చూసి అడగలేను. ఊళ్లో నలభై మంది నా ముందు పాడి నవ్వుకుని వెళ్లారు, అతని ఇంట్లోంచే ఆ మాట వచ్చింది. అందుకని గాలిలో అడుగుతున్నాను. వారానికి రెండు పాఠాలు. టమాటాలు ఇస్తాను, బీన్స్ ఇస్తాను. పాఠం అయ్యాక ఎంతసేపు కావాలంటే అంతసేపు వాయించుకోమనండి, నేను బయట నారు చూసుకుంటాను.

చివరికి, ఒక షరతు, అతని భార్య కొండ ఎక్కకూడదు, అన్నాడు.

పెట్టేశాడు.

కౌంటీ మొత్తం విన్నది. నేను మైకు ముందు కూర్చున్నాను. రెండో లైన్ చీకటి. మూడో లైన్ చీకటి. జెల్ఫా కూడా ఫోన్ చెయ్యలేదు, ఆవిడకి తెలుసు ఇది తన వంతు కాదని. గోడ గడియారం ముల్లు కదిలింది. స్టేషన్ మనిషిని, నేను ఎవరి తరఫునా మాట్లాడకూడదు. క్రేటన్ గాజు మీద కొట్టడం ఎప్పుడు ఆపాడో తెలీదు. అరచేయి గాజుకి ఆనించి నిలబడ్డాడు.

నిమిషం. నిమిషంన్నర. రేడియోలో ఉత్త గాలి.

రెండో లైన్ వెలిగింది.

బొగ్గు కాటా గదిలోంచి. లారీల చప్పుడు. మా ఆయన. ఈసారి ఓలీటా అన్నాడు, గాలిలోనే. చేతులు కడుక్కుని కూర్చోమను వాణ్ణి, మంగళవారం నాలుగింటికి వస్తాను. ఆ తర్వాత, మొదటి రెండుసార్లూ కట్టేశానే, మూడోసారి చెయ్యి గేరు మీదుంది, తియ్యలేకపోయాను, అన్నాడు.

క్రేటన్‌కి గడియ తీశాను. ఉద్యోగం తీసేస్తాడనుకున్నాను. లోపలికొచ్చి, ఆ రికార్డుకి కవరు దొరుకుతుందేమో చూడు, అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పన్ను నొప్పి అన్నాడు. పళ్ల డాక్టరు పదకొండు రోజుల కిందట ఆ పన్ను పీకేశాడు.

జెల్ఫా ఫోన్ చేసి, ఆపిల్ పై సంగతేంటి, నేను ఫోన్ చేసి దక్కించుకున్నదేమీ లేదు గానీ, అంది. రెండు చేస్తాను రా, అన్నాను.

ఏప్రిల్ 28, మంగళవారం

నాలుగింటికి వెళ్లాడు. ముందు మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. ఎవరి పాఠమో అర్థం కాలేదు.

ఏడింటికి వచ్చాడు. నేను ఇల్లంతా వెంటపడి అడిగాను. ట్రేలు పెట్టాడా దాని మీద? లేదట. ముందు గదిలో, కిటికీ పక్కన, వాళ్లమ్మ కుట్టిన బొంత కప్పి ఉందట. తీగలు కొత్తవట. ఏడాదికి రెండుసార్లు మారుస్తున్నాడట, వాయించడం రాని గిటార్‌కి! ఊళ్లోవాళ్ల నోరు నమ్మి మూడేళ్లు అతన్ని తిట్టుకున్నాను.

ఎలా వాయిస్తున్నాడు, పిల్లా తోకా, అన్నాను. వాడికి ఒక పాట వచ్చు, అన్నాడు హోబర్ట్. రేడియోలో విని విని పట్టుకున్నాడు, నెమ్మదిగా, ఒక్క తప్పు లేకుండా. అది వచ్చినట్టు వాడికే తెలీదు. ఎవరూ వినలేదుగా, చెప్పేవాడేడి.

మరి నువ్వో, అన్నాను. నువ్వెలా వాయించావు?

చేతులు చూసుకున్నాడు. గేరు పట్టీ పట్టీ మొద్దుబారిన వేళ్లు. మూడేళ్లు. వేళ్లు మర్చిపోయి ఉంటే? నేను తెచ్చిపెట్టింది ఇదేనా?

శుక్రవారం మళ్లీ వెళతావా, అన్నాను. వెళ్లకపోతే వాడు గాలిలో నా పరువు తీస్తాడు, అన్నాడు.

మే 1, శుక్రవారం

కొండ ఎక్కలేదు. కంచె బయట రోడ్డు ప్రభుత్వానిది, అక్కడ నిలబడ్డాను.

డెల్మర్ ముందు గది కిటికీ తెరిచే ఉంది. ముందు ఒకరు మెల్లగా, తప్పు లేకుండా వాయించారు. తర్వాత ఇంకొకరు. తప్పు మీద తప్పు, బార్ జారిపోవడం, ఒక పెడలుకి బదులు ఇంకో పెడలు, ఎక్కడో కాకి అరిచినట్టు. ప్రతి తప్పుకీ పగలబడి నవ్వు, ఊపిరాడనంత నవ్వు.

ఆ నవ్వు మా ఆయనది. తప్పులూ ఆయనవే.